రిసెప్షన్‌కు డీజేనా, ఆర్కెస్ట్రానా: హంటర్ రోడ్డు తమ్మికి నా జవాబు

తమ్మీ, నువ్వు రాసింది రెండుసార్లు చదివిన. మీ అన్న రిసెప్షన్ హన్మకొండ హంటర్ రోడ్డు దిక్కు ఓపెన్ గార్డెన్ల, సాయంత్రం 7 గంటలకు మొదలు, చుట్టాలు పక్కాలు అందరు కలిపి 900 మంది. పాటల ఖర్చు లక్షా ఇరవై వేలు దాటొద్దు. నీ దోస్తులు, మేనబావలు డీజే లేకుంటే అది పెండ్లే కాదంటున్నరు. మీ బాపు ఆర్కెస్ట్రా పెట్టి మంచి పాటలు పాడిపిద్దామంటున్నడు. వారం నుంచి ఇంట్ల ఇదే లొల్లి అని రాసినవ్.

నేను ఈ పనిల 26 ఏండ్ల నుంచి ఉన్న. మొదటి తొమ్మిదేండ్లు వరంగల్ల ఒక ఆర్కెస్ట్రాల కీబోర్డ్ వాయించిన. ఆ తర్వాత సౌండ్ సామాన్ కొనుక్కొని ఆపరేటర్‌గ చేస్తున్న. డీజేలకూ నేను సౌండ్ ఇస్త, ఆర్కెస్ట్రాలకూ ఇస్త. పరకాల, నర్సంపేట, జనగామ, హుజూరాబాద్ దాక పోయి వస్తుంట. ఎవరు బుక్ అయినా నా కిరాయి నాకు వస్తది కాబట్టి ఒకల దిక్కు మాట్లాడే అవసరం నాకు లేదు. అయినా నీ రిసెప్షన్ సంగతిల మాత్రం ఒక దిక్కే చెప్త. మీ బాపు మాటే సరైంది. ఎందుకో లెక్క చూపెడ్త, ఆ లెక్క మీ దోస్తులకు కూడా చూపెట్టు.

900 మంది వస్తరన్నవ్. మన దగ్గర రిసెప్షన్ అంటే ఏంది? వచ్చినోళ్లు లైన్ల నిలబడి స్టేజి ఎక్కుతరు, కవరో గిఫ్టో ఇస్తరు, ఫోటో దిగుతరు, భోజనాల దిక్కు పోతరు, పాన్ వేసుకొని ఇంటికి పోతరు. ఒక్కొక్క కుటుంబం నలుగురైదుగురు. అంటే సుమారు 200 గుంపులు. ఒక గుంపు స్టేజి ఎక్కి, అక్షింతలు వేసి, ఫోటోగ్రాఫర్ ‘ఇటు చూడండి’ అని, దిగెతందుకు 45 సెకండ్లు అనుకో. 200 గుంపులకు 150 నిమిషాలు, అంటే రెండున్నర గంటలు. మధ్యల కేక్ కట్టింగ్, ఎమ్మెల్యే గారు వచ్చిండ్రని లైన్ ఆపుడు, ముసలోళ్లు మెట్లెక్కెతందుకు పట్టే టైము కలుపుకుంటే మూడు గంటలు. పెండ్లికొడుకు పెండ్లిపిల్ల 7:15 కు కూసుంటే స్టేజి దిగేది 10 దాటినంక.

ఇప్పుడు చెప్పు. డీజే ఎవరి కోసం? డాన్స్ చెయ్యాల్సిన మీ అన్న వదినె స్టేజి మీదనే ఉంటరు. వాళ్లు లేకుంట దోస్తులు ఒక పది మంది పావుగంట ఎగురుతరు, తర్వాత ఫోన్లు చూసుకుంట కూసుంటరు. వందల మంది లైన్ల నిలబడి, ప్లేటు చేతిల పట్టుకొని ఉన్నప్పుడు డాన్స్ ఫ్లోర్ ఎప్పుడూ నిండదు. నేను మిక్సర్ వెనుకాల నిలబడి ఏండ్లకేండ్లు చూసిన సంగతి ఇది. ఖాళీ ఫ్లోర్ చూసి డీజే ఏం చేస్తడు? సౌండ్ పెంచుతడు. జనం లేస్తరేమో అని ఇంకా పెంచుతడు. పాపం, ఆయన చేతిల ఉన్నది అదొక్కటే.

సరే, 10 గంటలకు మీ అన్న వదినె దిగినంక మొదలుపెడ్దామంటవా? మీది ఓపెన్ గార్డెన్. శబ్ద కాలుష్య నియమాలు 2000 సంవత్సరంల వచ్చినయ్. వాటి ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాక లౌడ్ స్పీకర్ వాడొద్దు. 2005 జులైల సుప్రీంకోర్టు కూడా ఈ మాటనే గట్టిగ చెప్పింది. నాలుగు గోడలు మూసిన హాలు, బాంకెట్ హాలు లాంటి జాగల లోపలోళ్ల వరకే వినపడేటట్టు పెట్టుకోవచ్చు గని గార్డెన్‌కు ఆ సడలింపు లేదు. పండుగలకు సర్కారు అర్ధరాత్రి 12 దాక వదిలే వెసులుబాటు ఒకటున్నది, అది ఏడాదికి 15 రోజులు మించకుంట ప్రభుత్వమే ముందుగాల ప్రకటించాలె. ఒకల ఇంటి రిసెప్షన్‌కు వర్తించదు. ఇగ పగటిపూట కూడా ఇష్టమున్నంత పెట్టెతందుకు లేదు. చుట్టుపక్కల ఇండ్ల కాడ, అంటే నివాస ప్రాంతంల, పగలు 55 డెసిబెల్స్ (సౌండ్ కొలత), రాత్రి 45 పరిమితి. దవాఖాన, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లు సైలెన్స్ జోన్‌గ సర్కారు ప్రకటించొచ్చు. హన్మకొండల ఏ గల్లీకి పోయినా జూనియర్ కాలేజీ హాస్టల్ ఉంటది, ఫిబ్రవరి మార్చిల పిల్లలకు పరీక్షలు. ఎవరో ఒకరు 100 కు ఫోన్ చేస్తరు, పోలీసోళ్లు వస్తరు, మీ బాపు చుట్టాల ముందట చేతులు కట్టుకొని నిలబడాల్సి వస్తది. కూతురునిచ్చినోళ్ల ముందట ఆ ముచ్చట ఎందుకు?

కాబట్టి నీ రిసెప్షన్ల డీజేకు నిజంగ పని ఉండే టైము, సౌండ్ బంద్ చెయ్యాల్సిన టైము రెండూ ఒక్కటే. మీ బాపుకు పాత పాటలంటే ఇష్టం కావొచ్చు. ఆ ఇష్టం పక్కకు పెట్టినా గడియారం ఆయన దిక్కే ఉన్నది.

డీజే అంటే నాకు కోపమని అనుకోకు. మంచి డీజేను చూసినోడు డీజేను తక్కువ చెయ్యడు. ఏ పాట తర్వాత ఏ పాట పెడితే మేనత్తలు కూడా లేచి వస్తరో, ఫోక్ పాట మీద నుంచి సినిమా పాట మీదికి అడుగు తప్పకుంట ఎట్ల దాటాల్నో తెలిసినోడు ఒక గంటల 60 మందిని ఆడిపిస్తడు. నలుగురైదుగురు కళాకారులకు ఇచ్చే పైసలు ఒక్కడికి ఇచ్చినా తప్పు లేదు. అయితే ఆయనకు కావాల్సింది పెండ్లికి ముందు జరిగే సంగీత్. ఒకటే హాలు, 150 మంది, అందరు మనోళ్లే, అందరు తిని ఉన్నోళ్లే, ఎక్కడికి పోయే తొందర లేనోళ్లు, పెండ్లికొడుకు పెండ్లిపిల్ల ఫ్లోర్ మీదనే. అక్కడ ఆర్కెస్ట్రా పెడితే తేలిపోతది. ఆడెతందుకు వచ్చినోళ్లకు పాటకూ పాటకూ మధ్యల ‘థాంక్యూ, నెక్స్ట్ సాంగ్’ అని రెండు నిమిషాలు ఆపితే కాళ్లు చల్లబడ్తయ్. మీరు సంగీత్ చేస్తున్నరో లేదో రాయలే. చేస్తుంటే డీజే అక్కడ పెట్టు, మీ దోస్తులు కడుపునిండ ఆడుతరు, రిసెప్షన్ల నోరెత్తరు.

ఒక ముచ్చట చెప్పాలె, చెప్పకుంటే నాకు నిద్ర పట్టదు. నాలుగేండ్ల కింద కాజీపేట దిక్కు ఒక రేకుల కప్పు హాల్ల రిసెప్షన్. సౌండ్ నాదే. స్టేజికి రెండు దిక్కులా రెండేసి టాపులు (పాట వినిపించే పై స్పీకర్లు), నాలుగేసి బేస్ డబ్బాలు (దమ్ దమ్ కొట్టే పెద్ద స్పీకర్లు) పెట్టమన్నరు, పెట్టిన. రేకుల హాల్ల బేస్ కొడితే రేకు కూడా కలిసి మోగుతది, నేల టైల్స్, పక్కల అద్దాలు, ఎక్కడికక్కడ సౌండ్ తిరిగి కొడ్తది. ముందు వరుసల ఒక అవ్వ కూసున్నది, ఒళ్లె నెలల పిల్లగాడు. టేబుల్ మీద స్టీలు గ్లాసుల నీళ్లు డ్రమ్ము దెబ్బ పడ్డప్పుడల్లా గుండ్రంగ వణుకుతున్నయ్. అవ్వ ఒక చెయ్యి పిల్లగాని చెవి మీద పెట్టింది, కొంగు తీసి ఇంకో చెవికి కప్పింది. తన చెవులు మూసుకునెతందుకు ఆమెకు ఇంకో చెయ్యి లేదు. నేను మిక్సర్ల మొత్తం సౌండ్ తగ్గించిన. దోస్తులు వచ్చి ‘పైసలు ఇచ్చింది గీ సౌండ్‌కేనా’ అని లొల్లి చేసిండ్రు, డీజే మళ్ల పెంచిండు. అవ్వ లేచి బయట జనరేటర్ పక్కన కుర్చీ వేసుకొని కూసున్నది. మనవరాలి పెండ్లికి రేగొండ నుంచి వచ్చిందట. జనరేటర్ మోత ఆమెకు లోపలి కంటె నయమనిపించింది. ఆ రోజు నుంచి నేను రిసెప్షన్‌కు దిక్కుకు నాలుగు బేస్ డబ్బాలు ఇయ్యను, ఎంత పైసలిచ్చినా ఇయ్యను.

మాట వచ్చింది కాబట్టి చెప్త, చెవి సంగతి చిన్నది కాదు. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు ఉండొచ్చంటరు. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ టైము సగమైతది. 88 దగ్గర నాలుగు గంటలు, 91 దగ్గర రెండు, అట్ల పోయి 100 దగ్గర పావుగంట. డీజే ఫ్లోర్ ముందట 100 రావుడు పెద్ద సంగతి కాదు. పసిపిల్లలను, ముసలోళ్లను మూడు గంటలు అక్కడ కూసోబెడ్తమా?

ఇగ ఆర్కెస్ట్రా. ఇక్కడ జాగ్రత్తగ చదువు, ఎందుకంటే పేరు ఆర్కెస్ట్రా అయినంత మాత్రాన మంచిగ కాదు.

మొదటి సంగతి ట్రాక్. ఈ రోజుల్ల ‘లైవ్ బ్యాండ్’ అని బోర్డు పెట్టుకున్నోళ్లల్ల చాలా మంది ఇద్దరు సింగర్లు, ఒక ల్యాప్‌టాప్. సంగీతం మొత్తం ముందే రికార్డ్ చేసిన కరోకే ట్రాక్ నుంచి వస్తది. కీబోర్డ్ ముందట ఒకాయన నిలబడ్తడు గని ఆయన వేళ్లు ఒక దిక్కు, పాట ఒక దిక్కు. ట్రాక్ మీద పాడుడు తప్పని అనను, చిన్న ఫంక్షన్‌కు అది చాలు. కాని లైవ్ పైసలు తీసుకొని ట్రాక్ వినిపియ్యొద్దు. అడ్వాన్స్ ఇయ్యకముందే సూటిగ అడుగు: ‘అన్నా, రిథమ్ ఎవరు వాయిస్తరు? ట్రాక్ ఎన్ని పాటలకు వాడ్తరు?’ మంచోళ్లు నిజమే చెప్తరు. వీడియోలు చూపెడితే స్టూడియోల చేసినయి కాకుంట, ఫోన్ల తీసిన పోయిన నెల ప్రోగ్రాం వీడియో అడుగు. వీలైతే వాళ్లు వాయిస్తున్న ఫంక్షన్‌కు పోయి పావుగంట దూరం నుంచి విను.

రెండోది మనుషులు. రిసెప్షన్‌కు పది పన్నెండు మంది అక్కర్లేదు. మేల్ సింగర్, ఫిమేల్ సింగర్, కీబోర్డ్, తబలా ఢోలక్ వాయించేటాయన, ప్యాడ్స్ (కరెంటు డ్రమ్ములు) కొట్టేటాయన, ఒక గిటారో ఫ్లూటో. ఆరుగురు. 900 మంది గార్డెన్‌కు ఇది చక్కగ సరిపోతది. డ్రమ్ సెట్ వద్దు. డ్రమ్ సెట్ సౌండ్ మైక్ లేకుండనే ఎక్కువ, దాని మీద వినపడాలంటే సింగర్లను పెంచాలె, సింగర్లను పెంచితే కీబోర్డ్‌ను పెంచాలె, చివరికి మళ్ల డీజే సౌండ్ కాడికే వస్తం.

మూడోది, అన్నిటికంటె పెద్దది, సౌండ్ చెక్. డీజేకు పెన్‌డ్రైవ్‌ల పాట ముందే తయారై ఉంటది, వైర్లు పెట్టినంక పది నిమిషాల్ల అయిపోతది. ఆర్కెస్ట్రాల పది పన్నెండు మైకులు, లైన్లు తెరిచి ఉంటయ్. ఒక్కొక్కదాన్ని సెట్ చెయ్యాలె. గంటన్నర కావాలె, అది చుట్టాలు రాకముందే కావాలె. ఒకసారి హైదరాబాద్ నుంచి ఒక పేరున్న గ్రూపును పిలిచిండ్రు. వాళ్లు 3 గంటలకు బయలెల్లిండ్రు. ఉప్పల్ దాటెతందుకే గంట పట్టింది, 145 కిలోమీటర్లు వచ్చి దిగేసరికి 7:20. అప్పటికే గార్డెన్ నిండింది. వైర్లు గుంజుకుంట, జనాలను జరపుకుంట, మొదటి నలభై నిమిషాలు ‘హలో, మైక్ చెక్, వన్ టూ’ తప్ప ఏం వినపడలే. మైక్ కుయ్ మన్నప్పుడల్లా పెండ్లిపిల్ల ఉలిక్కి పడ్డది. తర్వాత వాళ్లు బ్రహ్మాండంగ పాడిండ్రు, కాని అప్పటికి పెద్దోళ్లు సగం మంది తిని వెళ్లిపోయిండ్రు. అందుకే నీకు చెప్పేది, వరంగల్ హన్మకొండల ఉన్నోళ్లనే చూసుకో. మాఘమాసంల, మేడారం జాతర వచ్చే ఏడు అయితే ఇంకా జాగ్రత్త, ఆ వారం హైదరాబాద్ రోడ్డు, ములుగు రోడ్డు రెండూ బండ్లతోని నిండిపోతయ్. సౌండ్ 4 కల్లా రావాలె, కళాకారులు 5 కల్లా రావాలె, 6:30 కు చెక్ అయిపోవాలె. కాగితం మీద రాపిచ్చుకో.

మరి ఇంత కష్టం ఎందుకు అంటవా? సుబేదారిల ఒక రిసెప్షన్ల నేను చూసింది చెప్త. ఒక తాత, ఆజంజాహి మిల్లుల చేసి రిటైరైన మనిషి, పాన్ చుట్టిన కాగితం వెనుకాల ఒక పాట పేరు రాసి స్టేజికి పంపిండు. ఘంటసాల పాడిన పాట. పాడే అమ్మాయికి పల్లవి, మొదటి చరణం వచ్చు, రెండో చరణం రాదు. తాత కర్ర పట్టుకొని స్టేజి పక్కకు వచ్చి నిలబడి ఒక్కొక్క లైను ముందు అందిస్తుంటే ఆమె పాడింది. తబలాయన తాత నోటిని చూసుకుంట దరువు ఆపుతున్నడు, ఎత్తుకుంటున్నడు. ఫోటోల లైన్ల నిలబడ్డోళ్లు మొత్తం అటు తిరిగిండ్రు. నిలబడి నిలబడి విసిగిన జనం, ఆ ఐదు నిమిషాలు లైన్ కదలకున్నా ఒక్కరు గొణగలే. ఇది పెన్‌డ్రైవ్‌ల నుంచి రాదు తమ్మీ. రిసెప్షన్ల వచ్చినోళ్లకు నిజంగ ఉండే పని ఎదురు చూసుడు, తినుడు, చానా రోజులకు కలిసినోళ్లతోని మాట్లాడుడు. ఈ మూడిటికీ పక్కన కూసున్నట్టు ఉండే పాట కావాలె, మీద పడే పాట వద్దు.

సౌండ్ ఎంత ఉండాలె అంటే, భోజనం టేబుల్ దగ్గర ఎదురుగ కూసున్న మనిషితోని గొంతు ఎత్తకుంట మాట్లాడగలగాలె. అంతే కొలత. మామూలు మాట 60 డెసిబెల్స్ ఉంటది, పాట దానికి కొంచెం పైన ఉంటే చాలు.

ఓపెన్ గార్డెన్ల ఇది సాధించెతందుకు ఒక ఉపాయం ఉన్నది. బయట సౌండ్, దూరం రెండింతలైనప్పుడల్లా 6 డెసిబెల్స్ పడిపోతది. స్టేజి పక్కన రెండు పెద్ద స్పీకర్లు పెట్టి 10 అడుగుల దగ్గర 100 వస్తే, 20 అడుగుల దగ్గర 94, 40 దగ్గర 88, 80 దగ్గర 82. వెనుకోళ్లకు వినిపిద్దామని పెంచితే ముందోళ్ల చెవులు పోతయ్. అందుకే రెండు పెద్దవాటి బదులు ఆరు చిన్న స్పీకర్లు గార్డెన్ల చెల్లాచెదురుగ పెట్టిపిచ్చు, ఒక్కొక్కటి తక్కువ సౌండ్ల. అయితే వెనుక స్పీకర్లకు డిలే పెట్టాలె. గాలిల సౌండ్ సెకండ్‌కు సుమారు 340 మీటర్లు పోతది. 100 అడుగుల దూరం అంటే 30 మీటర్లు, ముందు స్పీకర్ పాట అక్కడికి చేరెతందుకు 90 మిల్లీసెకండ్లు ఆలస్యం. వెనుక స్పీకర్‌ను అంతే ఆలస్యంగ మోగిస్తే పాట ఒక్కటిగ వినపడ్తది, లేకుంటే పాడింది మళ్ల పాడినట్టు ఒక మాట మీద ఒక మాట పడ్తది. నీ ఆపరేటర్‌ను ‘వెనుక డబ్బాలకు డిలే ఎంత పెడ్తవ్?’ అని అడుగు. వెంటనే ‘స్టేజి నుంచి ఎన్ని అడుగులుంటది?’ అని అడిగితే ఆయనకు పని వచ్చు.

స్పీకర్ మైక్‌కు వెనుకాల ఉండొద్దు, ముందే ఉండాలె. ఆర్కెస్ట్రా స్టేజి మీ అన్న వదినె స్టేజికి పక్కకు, భోజనాల దిక్కు కాకుంట, 16 అడుగులు బై 12, అడుగున్నర ఎత్తు. డెకరేషన్ వాళ్లకు ఇప్పుడే చెప్పు, ఆ రోజు పూల కమాన్ పెట్టినంక జాగ లేదంటరు.

కరెంటు సంగతి ఎవరు అడగరు, ఆఖరికి దానితోనే మునుగుతరు. గార్డెన్ల ఒకటే జనరేటర్ మీద లైట్లు, కూలర్లు, వంటోళ్ల గ్రైండర్లు, ఎల్‌ఈడీ స్క్రీన్, సౌండ్, అన్నీ నడుస్తయ్. సౌండ్‌కు వేరే లైన్ కావాలని అడుగు, ఎర్తింగ్ ఉన్నదా చూడు. ఎర్తింగ్ సక్కగ లేకుంటే గిటార్ లైన్ల హుం అని మోత వస్తనే ఉంటది. ఇంకా ప్రమాదం న్యూట్రల్. మూడు ఫేజుల లైన్ల న్యూట్రల్ వైరు లూజై ఊడితే 230 వోల్టులు రావాల్సిన కాడ 400 దగ్గరికి కొడ్తది. నా సొంత కీబోర్డ్ ఒకటి అట్ల పొగ వచ్చి పోయింది. ఆ గార్డెన్ల లైన్లు చూసేటాయన న్యూట్రల్ బిగించలే. అప్పుడు ఆ కీబోర్డ్‌కు కట్టే కిస్తీలు ఇంకా ఎనిమిది మిగిలి ఉన్నయ్. అప్పటి నుంచి మీటర్ పెట్టి చూడకుంట ప్లగ్ పెట్టను. నీ ఆపరేటర్ జేబుల మీటర్ ఉన్నదా చూడు.

ఇగ మీ దోస్తుల సంగతి. వాళ్లను చిన్నబుచ్చొద్దు, వాళ్ల ముచ్చట కూడా తీరాలె. రెండు పనులు చెప్త.

ఒకటి, మీ అన్న వదినె గార్డెన్‌లకు వచ్చేటప్పుడు ఒగ్గు డోలు పెట్టండి. ఐనవోలు మల్లన్న, కొమురవెల్లి మల్లన్న దగ్గర మొక్కులు తీర్చే ఒగ్గు కళాకారులు మన జిల్లాలల్లనే ఉన్నరు. పది మంది డోళ్లు తాళాలు పట్టుకొని వరుసగ అడుగు వేసుకుంట వస్తే దానికి మైక్ అక్కర్లేదు, బేస్ డబ్బా అక్కర్లేదు. పది నిమిషాల్ల ఒళ్లు గగుర్పొడుస్తది. పొగ మెషిన్, కోల్డ్ పైరో (చల్లటి నిప్పురవ్వలు) ఎంట్రీలు అన్ని పెండ్లిల్ల చూసి చూసి జనానికి విసుగొచ్చింది. ఒగ్గు డోలు చూస్తే మాత్రం ఫోన్లు బయటికి తీస్తరు. మీ దోస్తులే ముందు ఎగురుతరు, రాసిచ్చుకో.

రెండోది, 9:15 నుంచి 9:55 దాక ఆర్కెస్ట్రాతోనే ఫోక్ సెట్ పెట్టించు. ఢోలక్, ప్యాడ్స్‌కు తోడు ఇద్దరు డప్పు కళాకారులను పిలువు. తీన్మార్ దరువు పడ్డంక డీజే గుర్తుకు రాదు. డప్పు కాచుకునెతందుకు వాళ్లకు షామియానాకు దూరంగ మంట పెట్టుకునే జాగ చూపించాలె. చల్లటి రాత్రి తోలు మెత్తబడి డప్పు పలకదు, మధ్య మధ్యల కాచాలె. ఆ 40 నిమిషాలు లైన్ ఆపి మీ అన్న వదినెను కిందికి దింపండి. ముందే ఫోటోగ్రాఫర్‌కు చెప్పి పెట్టు. ఒక్క రిసెప్షన్ల లైన్ 40 నిమిషాలు ఆగితే ఏం కాదు, అప్పటికి వచ్చేటోళ్లు తక్కువైతరు.

నీ లక్షా ఇరవై వేలు నేనైతే ఇట్ల పంచుత. ఆరుగురు కళాకారులకు 55 వేలు. ఆరు స్పీకర్లతోని సౌండ్, ఆపరేటర్, సాదా లైట్లకు 40. ఒగ్గు డోలుకు, డప్పులకు కలిపి 17. మిగిలిన 8 వేలు రానుపోను, చిల్లర ఖర్చులకు చేతుల పెట్టుకో. మంచి ముహూర్తం రోజైతే రేట్లు పైకి పోతయ్, అప్పుడు లైట్లల్ల కోసుకో, ఆపరేటర్‌ల కోయకు. సింగర్ మామూలుగ పాడినా మంచి ఆపరేటర్ చెవికి ఇంపుగ వినిపిస్తడు. గొప్ప సింగర్‌ను కూడా చేతకాని ఆపరేటర్ చెడగొడ్తడు.

బుకింగ్‌ల ఒక కిటుకు ఉన్నది. పెద్ద ముహూర్తం నాడు ఒక్కొక్క సౌండ్ ఓనర్ నాలుగైదు పార్టీలు ఒప్పుకుంటడు. తన దగ్గర మంది, సామాన్ లేకుంటే పని బయటోళ్లకు ఇచ్చేస్తడు. నువ్వు మాట్లాడింది ఒకల తోని, ఆ రోజు వచ్చింది మొన్న పనిల చేరిన పిల్లగాడు. కాబట్టి ఓనర్ పేరుతోని కాకుంట ఆ రోజు మిక్సర్ మీద ఎవరు కూసుంటరో ఆయన పేరు, ఫోన్ నంబర్ కాగితం మీద ఉండాలె. సింగర్ల పేర్లు కూడా.

గార్డెన్ వాళ్లో, ఇంకెవరో ‘సినిమా పాటలకు లైసెన్స్ కావాలె, పైసలు కట్టాలె’ అంటే భయపడకు. కాపీరైట్ చట్టం 1957 ల సెక్షన్ 52 కింద పెండ్లి ఊరేగింపులు, పెండ్లికి సంబంధించిన వేడుకల్ల పాటలు వినిపించుడు ఉల్లంఘన కాదు. కేంద్రంల పరిశ్రమల, అంతర్గత వాణిజ్య ప్రోత్సాహక శాఖ (డీపీఐఐటీ) 2023 జులై 24 న పబ్లిక్ నోటీస్ ఇచ్చి ఇదే స్పష్టం చేసింది. ఆ నోటీస్ ఫోన్ల పెట్టుకో. పోలీస్ పర్మిషన్ వేరే, అది మాత్రం తప్పకుంట తీసుకోవాలె. గార్డెన్ ఓనర్ ‘మేం చూసుకుంటం’ అంటడు, నువ్వు స్టేషన్‌ల ఇచ్చిన దరఖాస్తు మీద ముద్ర వేసిన కాపీ జేబుల పెట్టుకో.

ఇంకొకటి అడుగుత, కాదనకు. కళాకారులకు భోజనం 6:30 కే, ప్రోగ్రాం మొదలుకాక ముందే పెట్టిపిచ్చు. కుర్చీలు వేసి, అందరికి పెట్టేదే పెట్టు. నేను కీబోర్డ్ వాయించే రోజుల్ల మూడున్నర గంటలు నిలబడి వాయించి, రాత్రి 11 కు వంటల కాడికి పోతే గిన్నెలు కడుగుతున్న రోజులు చానా ఉన్నయ్. ఒకసారి ఊరి బయట ఒక పెండ్లిల మా తబలాయన, షుగర్ ఉన్న మనిషి, మధ్యలనే కండ్లు తిరిగి పడిపోయిండు. తినకుంట వాయించిండు. ఆ ఇంటోళ్లు చెడ్డోళ్లు కాదు, ఎవరికీ యాది లేదు అంతే. నీకు యాది ఉండాలని రాస్తున్న. పాడేటోళ్ల గొంతుకు గోరువెచ్చటి నీళ్లు ఒక ఫ్లాస్క్ స్టేజి పక్కన పెట్టు, ఐసు నీళ్లు వద్దు.

మీ బాపుకు ఒక మాట చెప్పు, పాటల జాబితా మొత్తం ఆయనే రాయొద్దు. మొదటి గంట ఆయన పాటలు, తర్వాత గంట అందరికి తెలిసిన సినిమా పాటలు, ఆఖరుకు ఫోక్. చదువుకుంట పాడితే పాట పండదు. కాబట్టి కొత్త పాటలు ఏమన్నా ఉంటే పదిహేను రోజుల ముందే ఇయ్యాలె. మధ్యల యాంకర్ ఉంటే తక్కువ మాట్లాడమను. ‘అందరు ఒకసారి చప్పట్లు’ అని పావుగంటకోసారి అరిస్తే తినేటోళ్లకు ముద్ద దిగదు.

గార్డెన్ చూసెతందుకు ఎట్లాగూ పోతవ్ కదా. పోయినప్పుడు స్టేజి నుంచి భోజనాల షెడ్ దాక ఎన్ని అడుగులుందో, గేటు ఎటు దిక్కుందో, జనరేటర్ ఎక్కడ పెడ్తరో కొలిచి రాసి పెట్టు. ఆ కొలతలు ఇక్కడ పెడితే ఆరు స్పీకర్లు ఎక్కడెక్కడ పెట్టాల్నో నేనే గీసి పంపుత.